అల్లం వద్దు, శొంఠి సరే

మద్రాసు షావుకారుపేటలో మా పక్కవాటా జైన ఆంటీకి జలుబు చేస్తే అమ్మ మిరియాల చారు కాచి ఇవ్వబోయింది. ‘‘అల్లం పడిందా అమ్మా?’’ అని ఆవిడ మొహమాటంగా అడిగారు. పడింది. మర్నాడు శొంఠి దంచి వేసి మళ్లీ కాస్తే హాయిగా తాగారు. ఎండిన అల్లమే కదా శొంఠి, ఎందుకీ పట్టింపు?

పచ్చి అల్లం ముక్కను మట్టిలో పెడితే మొలకెత్తుతుంది, శొంఠి మొలకెత్తదు. తేడా అంతా అక్కడే. జైనుల లెక్కలో దుంపలు ‘అనంతకాయాలు’, అంటే ఒక్క ఒంట్లో అంతులేనన్ని జీవులున్నవి. ఆలుగడ్డ, ఉల్లి, వెల్లుల్లి, క్యారెట్ వద్దనేది అందుకే. పసుపు కూడా పచ్చి కొమ్ము పనికిరాదు, పొడికి అభ్యంతరం లేదు. మన ఇళ్లలోనూ కొందరు ఉల్లి తినరు, తామసమనో మడి అనో. పైకి రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. మన మడి తినేవాడి శుద్ధి చూసుకుంటుంది, వాళ్ల నియమం తినబడేదాని ప్రాణం చూస్తుంది.

మేడిపండు పొట్టలో పురుగులుంటాయని మనకు బళ్లో నేర్పింది మనుషుల కపటం గురించి చెప్పడానికి. జైనులు ఆ పురుగుల గురించే ఆలోచించి మేడి, మర్రి, రావి పళ్లు మానేశారు. ఇక నీళ్లు. బావి నీళ్లు గుడ్డతో వడకట్టాక ఆ గుడ్డను విదిలించేవారు కాదు. తిరగేసి నీళ్లతో జాడించి, ఆ జాడింపు నీళ్లను మళ్లీ అదే బావిలోకి మెల్లగా దించేవారు, కంటికి ఆనని ప్రాణులు తమ చోటికి తాము చేరాలని. ఎన్ని గ్రంథాలు తిరగేసినా నాకు అహింస ఇంత దగ్గరగా కనిపించలేదు.

పొద్దు గూకాక నీళ్లయినా ముట్టని ‘చౌవిహార్’ వ్రతం పట్టినవారు నవంబరులో ఆరు కొట్టకముందే భోజనం ముగించాలి, మద్రాసులో అప్పుడు ఐదూ నలభైకే సూర్యుడు దిగిపోతాడు. షాపులో బేరం సగంలో ఆపి ఇంటికి పరిగెత్తేవాళ్లను మింట్ స్ట్రీట్‌లో చూస్తూ పెరిగాను. అక్కడి బండ్ల మీద పావ్‌భాజీలోకి ఆలుగడ్డకు బదులు అరటికాయ వచ్చింది వీళ్ల కోసమే.

ఈ నియమాలకు బలం ‘పచ్చక్ఖాణ్’ నుంచి వస్తుంది. ఫలానాది నేను మానుతున్నానని ఎవరికి వారు పలికే మాట అది. అందుకే మాంసం తినేవారికి వాటా అద్దెకు ఇవ్వం అన్నప్పుడు, మహావీర్ జయంతికి ఊళ్లో మాంసం కొట్లు మూయించినప్పుడు నాకు బాధేస్తుంది. జైనులు ఏటా ఉపవాసాలతో జరుపుకునే పర్యూషణ్ రోజుల్లో అహ్మదాబాద్ కబేళాల మూసివేతను 2008లో సుప్రీంకోర్టు సమర్థించింది, కొద్ది రోజులే కదా అన్నది అందులో ఒక కారణం. ఆ వాదన నాకు మింగుడు పడదు. కొట్టు మూస్తే ఆ పూట కూలి పోయేది మాంసం కొట్టే పనివాడికి. వ్రతం అతను పట్టలేదు.

ఎదుటివాళ్ల మీదికి కాక తమ లోపలికి తిప్పుకుంటే మాత్రం ఆ ప్రాణాల లెక్కకు ఇంకా చాలా పనుంది. ఆంటీ మనవరాలు ఈమధ్య టీలో పాలు మానేసింది, అవి దూడ వాటా అని. పాలు లేకుండా పర్యూషణ్ పారణ, ఉపవాసం విడవడం, ఎలాగని ఆంటీ. ఆ ఇంట్లో వాదన ఇంకా తెగలేదు.