ఆకాశంలో అనవసరపు తనిఖీలు

2024 డిసెంబరు 27 దాకా ఈ భూగోళానికి 2032 డిసెంబరు 22 గురించి ఎలాంటి చింతా లేదు. ఆ 27న చిలీలోని అట్లాస్ టెలిస్కోపు సుమారు అరవై మీటర్ల గ్రహశకలాన్ని, అంటే సూర్యుడి చుట్టూ తిరిగే రాయినొకదాన్ని పట్టుకుని, 2024 వైఆర్4 అనే పేరుతో పాటు, 2032లో ఆ 22న అది భూమిని ఢీకొట్టవచ్చన్న ముప్పును కూడా లోకానికి అప్పగించింది. ఆ రాయి అంతకు రెండు రోజుల ముందే మనకు దగ్గరగా వచ్చి, ఎవరినీ పలకరించకుండా దాటిపోయిందని శాస్త్రజ్ఞులే ఒప్పుకుంటారు. నా అభ్యంతరమూ అదే: మర్యాదగా వెళ్లిపోతున్నదాన్ని వెనక నుంచి పిలిచి ఊరూ పేరూ అడగమన్నదెవరు?

అడిగాక ఊరుకున్నారా అంటే అదీ లేదు. అది భూమిని ఢీకొట్టే అవకాశం జనవరి చివరికి ఒక శాతం దాటింది; ఫిబ్రవరి 18 నాటికి 3.1కి చేరింది, వారం తిరక్కుండానే 0.004కు పడిపోయింది. కొలతలు పెరిగేకొద్దీ రాయి రాగల దారుల పట్టీ సన్నబడుతుందనీ, భూమి ఇంకా ఆ పట్టీలోనే ఉన్నంతకాలం శాతం పెరుగుతుందనీ, భూమి పట్టీకి బయటపడగానే కుప్పకూలుతుందనీ వారి వివరణ. వివరణ సబబుగానే ఉంది, అదే మరింత చికాకు. ఉగాదినాడు రాజపూజ్యం ఇంత, అవమానం ఇంత అని తేల్చాక ఏడాది పొడవునా ఒక్క అంకె కూడా సవరించని పంచాంగాల నీడన పెరిగిన మనం, కొత్త కొలత రాగానే పాత మాట మార్చుకునే శాస్త్రాన్ని ఎలా నమ్మాలి?

చూడకపోవడం వల్ల కలిగే లాభానికి చెల్యాబిన్‌స్క్ సాక్ష్యం. 2013 ఫిబ్రవరి 15న శాస్త్రజ్ఞులందరూ, ఏడాది ముందే దొరికిన 2012 డీఏ14 అనే రాయి 27,700 కిలోమీటర్ల ఎడంగా దాటిపోవడం కోసం కాచుకుని ఉండగా, ఎవరి జాబితాలోనూ లేని ఇంకొకటి, సుమారు ఇరవై మీటర్లది, సూర్యుడి దిక్కు నుంచి వచ్చి ఆ రష్యన్ నగరం మీద ఆకాశంలో పేలింది. దాదాపు 1,500 మంది గాయపడ్డారన్నది నిజమే. కానీ వారిలో ఒక్కరికైనా ముందురాత్రి నిద్ర చెడిందా? పైగా, వెలుగు చూసి ఇదేమిటా అని కిటికీల దగ్గరకు వెళ్లినవారికే అద్దాలు గుచ్చుకున్నాయి. అక్కడా చూడటమే చేటు తెచ్చింది.

సూపర్‌నోవాలది, అంటే పేలిపోయే నక్షత్రాలది, మరీ విడ్డూరం. నిన్నటి ఫొటోలోంచి మొన్నటి ఫొటోను తీసివేసి, మిగిలిన చుక్కను నక్షత్ర మరణంగా ప్రకటిస్తారు. 2023 మే 19న జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇటగాకి ఎం101 గెలాక్సీలో కనిపెట్టినది పేలి అప్పటికి సుమారు 2.1 కోట్ల సంవత్సరాలు; దాని వెలుగు మనదాకా రావడానికే అంతకాలం పట్టింది. పరామర్శకు వెళ్లే సమయం ఎప్పుడో మించిపోయింది. అర్జెంటీనాలోని రొసారియోలో 2016లో తాళాలు బాగుచేసే విక్టర్ బూసో తన కొత్త కెమెరా పనిచేస్తుందో లేదోనని పరీక్షించుకుంటూ, పెద్ద పెద్ద వేధశాలలకు చిక్కని తొలి విస్ఫోటన కాంతిని పట్టేశాడు. తాళాల పని చేసేవారే ఇలా ఉంటే ఇక దేన్ని మూసి ఉంచగలం?

మన దేశం మాత్రం ఈ విషయంలో చాలాకాలం నిగ్రహం పాటించింది. 1861లో మద్రాసులో ఆంగ్లేయ ఖగోళజ్ఞుడు పోగ్సన్ ‘ఏషియా’ అనే గ్రహశకలాన్ని, ఆ తరువాత మరికొన్నింటిని కనిపెట్టి దారి చూపినా, మనవాళ్లు నూరేళ్లకు పైగా కొత్త గ్రహశకలం జోలికి పోలేదు. 1988లో తమిళనాడులోని కావలూరు వేధశాలలో ఆ వ్రతం భంగమైంది. దొరికినదానికి రామానుజన్ పేరు పెట్టారు కనుక క్షమించవచ్చు.

ఇప్పుడు చిలీలోని రూబిన్ వేధశాల పది గంటల పరిశీలనలోనే 2,104 కొత్త గ్రహశకలాలను బయటపెట్టింది. అందులో భూమికి సమీపంగా తిరిగేవి ఏడు. వాటి వల్ల ప్రమాదం లేదని వెంటనే చెప్పేశారు. ఆ తొందరే నాకు అనుమానం. ఇది చాలదన్నట్టు, పరారుణ కాంతితో వెతుకుతూ సూర్యుడి వైపు మరింత దగ్గరగా చూడగల నియో సర్వేయర్ అనే అంతరిక్ష టెలిస్కోపును నాసా సిద్ధం చేస్తోంది. ఆ ఒక్క దిక్కునైనా వదిలేయమని సోమవారం కలెక్టరేటులో అర్జీ పెట్టాను. రసీదు ఇచ్చి, దాన్ని భూమి తగాదాల కట్టలో చేర్చారు.