తీర్పు చెప్పేదీ కోచే, గెలవాల్సిందీ కోచే

2014 సెప్టెంబరు 20న ఫ్లోరిడా రాష్ట్రం టలహాసీలో, ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ మైదానంలో క్లెమ్సన్ యూనివర్సిటీతో ఫుట్‌బాల్ మ్యాచ్. ఆటకు ముందు ఆతిథ్య జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ఆటగాడు) జేమిస్ విన్‌స్టన్ జెర్సీ, దాని కింద భుజాల కవచాలు అన్నీ తొడుక్కుని తోటివాళ్లతో పాటు సన్నాహానికి దిగాడు. చిక్కల్లా ఒకటే. ఆ రోజు అతను సస్పెన్షన్‌లో ఉన్నాడు. హెడ్ కోచ్ జింబో ఫిషర్ అతన్ని దగ్గరికి పిలిచి, లోపలికి వెళ్లి అవన్నీ విప్పేసి రమ్మని పంపాల్సి వచ్చింది. కెమెరాలు చూస్తూనే ఉన్నాయి.

అప్పట్లో చాలామంది దీన్ని కుర్రతనంగా తీసుకుని నవ్వుకున్నారు. నాకు మాత్రం ఒక పెద్ద కాలేజీ జట్టులో క్రమశిక్షణ ఎలా నడుస్తుందో చెప్పడానికి ఈ ఒక్క దృశ్యం చాలనిపిస్తుంది. శిక్ష పడినవాడికే అది శిక్షని తోచలేదు. తోచకపోవడంలో వింత కూడా లేదు. నాలుగు రోజుల ముందు అతను విద్యార్థి భవనంలో అందరి మధ్య నిలబడి ఆడవాళ్లను కించపరిచే బూతు వాక్యం ఒకటి అరిచాడు. యూనివర్సిటీ మొదట వేసిన శిక్ష సగం మ్యాచ్. ఆ నిర్ణయం మీద విమర్శలు వెల్లువెత్తాక, మ్యాచ్‌కు ముందురోజు రాత్రి దాన్ని పూర్తి మ్యాచ్‌కు పెంచారు. అదనపు సమయానికి వెళ్లిన ఆ ఆటలో ఫ్లోరిడా స్టేట్ అతను లేకుండానే 23-17తో గెలిచింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఆట. కాలేజీ జట్టే అయినా స్టేడియంలో 80 వేల మంది కూర్చుంటారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవారందరిలో అత్యధిక జీతగాడు గవర్నర్ కాదు, యూనివర్సిటీ అధ్యక్షుడూ కాదు, ఫుట్‌బాల్ లేదా బాస్కెట్‌బాల్ కోచ్. కాబట్టి కాలేజీ జట్టు అనగానే సాయంత్రం పూట గ్రౌండులో సరదాగా ఆడుకునే విద్యార్థుల్ని ఊహించుకుంటే ఈ కథ అర్థం కాదు.

ఆ సగం మ్యాచ్ లెక్క విన్‌స్టన్‌తో మొదలైంది కాదు. 2009 అక్టోబరు 31న జార్జియాతో ఆడుతూ ఫ్లోరిడా యూనివర్సిటీ ఆటగాడు బ్రాండన్ స్పైక్స్, ప్రత్యర్థి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) ముఖకవచంలోకి వేళ్లు దూర్చి కళ్లలో పొడవబోయాడు. టీవీలో అందరూ చూశారు. కోచ్ అర్బన్ మేయర్ విధించిన శిక్ష, తర్వాతి మ్యాచ్‌లో మొదటి సగం ఆడకపోవడం. ఆ తర్వాతి ప్రత్యర్థి ఎవరంటే, ఆ ఏడాది పన్నెండు ఆటల్లో రెండే గెలిచిన వాండర్‌బిల్ట్. చివరికి స్పైక్స్ తానే వచ్చి మొత్తం మ్యాచ్‌కు దూరంగా ఉంటానన్నాడు. కోచ్ వేసిన శిక్ష చాలదని తప్పు చేసిన కుర్రాడికే అనిపించిందన్నమాట.

మేయర్ ఫ్లోరిడాలో ఉన్న ఆరు సీజన్లలో (2005-2010) రెండు జాతీయ ఛాంపియన్‌షిప్‌లు వచ్చాయి. అదే కాలంలో ఆటగాళ్ల అరెస్టులు ముప్పై దాకా జరిగాయి. అయితే ఆయనకు ఎప్పుడూ చెయ్యి రాలేదనడం అన్యాయం. 2009 డిసెంబరులో అలబామాతో కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే కూటమి) ఫైనల్‌కు కొద్ది రోజుల ముందు మద్యం తాగి కారు నడిపిన కేసులో అరెస్టయిన కార్లోస్ డన్‌లప్‌ను ఆయన పక్కన పెట్టారు. అతను ముఖ్యమైన ఆటగాడు. ఆ మ్యాచ్ ఫ్లోరిడా 32-13తో ఓడింది. మేయర్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు దీన్నే చూపిస్తారు. నాకు ఇందులోనే అసలు లోపం కనిపిస్తోంది. ఒక నెలలో కళ్లలో పొడవబోయినవాడికి సగం మ్యాచ్, తర్వాతి నెలలో తాగి నడిపినవాడికి ఏడాదిలోకెల్లా పెద్ద మ్యాచ్. రెండూ ఒకే మనిషి తీర్పులు, రెంటికీ కొలబద్ద ఆయన మనసే. కఠినంగా ఉన్నరోజు కూడా అది నియమం కాదు, ఆ రోజుకు కోచ్ తీసుకున్న నిర్ణయం.

పక్షపాతం అనగానే మనకు ఒక దుర్మార్గపు కోచ్, గెలుపు కోసం దేనికైనా తెగించేవాడు గుర్తుకొస్తాడు. అలాంటివాళ్లూ ఉన్నారు. కానీ ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఉదాహరణ నెబ్రాస్కా యూనివర్సిటీ కోచ్‌గా ఉన్న టామ్ ఆస్బోర్న్. నెబ్రాస్కాలో ఆయన మాటకు ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. తర్వాత మూడు దఫాలు అమెరికా ప్రతినిధుల సభకు కూడా ఎన్నికయ్యారు. నిజాయితీపరుడు, సౌమ్యుడు, దైవభక్తుడని పేరు.

1995 సెప్టెంబరు 9న మిషిగన్ స్టేట్ మీద ఆయన రన్నింగ్ బ్యాక్ లారెన్స్ ఫిలిప్స్ 206 గజాలు పరుగెత్తి నాలుగు టచ్‌డౌన్లు (బంతిని ప్రత్యర్థి గీత దాటించడం) చేశాడు. దేశంలోకెల్లా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనిదేనన్న మాట వినబడుతోంది. మర్నాడు తెల్లవారకముందే లింకన్ పట్టణంలో అతను ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తు బాల్కనీకి పాకి, లోపలికి వెళ్లి, తన మాజీ స్నేహితురాలిని కొట్టి మెట్ల మీదుగా కిందికి ఈడ్చుకెళ్లాడు. ఆమె అదే యూనివర్సిటీలో బాస్కెట్‌బాల్ ఆడే విద్యార్థిని.

ఆస్బోర్న్ మొదట జట్టు నుంచి తీసేశానన్నారు. కొద్ది రోజుల్లో అది సస్పెన్షన్‌గా మారింది. ఆరు మ్యాచ్‌ల తర్వాత, నవంబరు 4న అయోవా స్టేట్ మీద ఫిలిప్స్ తిరిగి మైదానంలో దిగాడు. 1996 జనవరి 2న ఫియెస్టా బౌల్‌లో, అంటే జాతీయ ఛాంపియన్ ఎవరో తేల్చే మ్యాచ్‌లో, మొదటి నుంచీ ఆడాడు. 165 గజాలు, మూడు టచ్‌డౌన్లు. నెబ్రాస్కా 62-24తో ఫ్లోరిడాను చిత్తు చేసింది.

ఆస్బోర్న్ చెప్పిన కారణం తీసిపారేయదగినది కాదు. ఫిలిప్స్ చిన్నతనం కాలిఫోర్నియాలో అనాథలా, పిల్లల సంరక్షణ గృహంలో గడిచింది. అతని జీవితంలో స్థిరంగా ఉన్నది ఫుట్‌బాల్ ఒక్కటే, అది కూడా లాగేసుకుంటే కుర్రాడు పూర్తిగా చెడిపోతాడు అన్నారాయన. వైద్యుల దగ్గర పరీక్ష, చికిత్స, తరగతులకు హాజరు వంటి షరతులూ పెట్టారు. ఆయన మనసులో గెలుపు దాహం తప్ప మరేమీ లేదని నేను అనను. ఎందుకంటే ఫిలిప్స్ లేని ఆరు మ్యాచ్‌లనూ నెబ్రాస్కా గెలిచింది. అతని చోటులో ఆడిన మొదటి ఏడాది కుర్రాడు ఆమన్ గ్రీన్ ఆ సీజన్‌లో వెయ్యి గజాలు దాటాడు. జట్టుకు ఫిలిప్స్ అవసరం అంతగా లేదు.

మరి లోపం ఎక్కడుంది? చికిత్స, చదువు, స్కాలర్‌షిప్, రోజూ పలకరించే మనిషి, ఇవన్నీ ఆడనివ్వకుండానే ఇవ్వవచ్చు. ప్రాక్టీసులో ఉంచి, మ్యాచ్‌లకు దూరం పెట్టి, ఏడాది పాటు ఆ పిల్లవాణ్ని కనిపెట్టుకుని ఉండవచ్చు. దేశమంతా చూస్తున్న ఫైనల్‌లో, గ్రీన్‌ను పక్కన పెట్టి మొదటి బంతి నుంచీ అతనితో ఆడించడం ఏ వైద్యంలోనూ భాగం కాదు. ఒక కుర్రాణ్ని నిలబెట్టడం, ఒక ఆటగాణ్ని వాడుకోవడం అనే రెండు పనులు కోచ్ మనసులో ఎప్పుడు ఒకటైపోయాయో ఆయనకే తెలిసి ఉండదు. అందుకే ఆ నిర్ణయం ఆయన చేతిలో ఉండకూడదు. మెట్ల మీద ఈడ్చుకెళ్లబడిన అమ్మాయి కూడా ఆ యూనివర్సిటీ క్రీడాకారిణే కదా, ఆమె జీవితానికి ఏది స్థిరత్వం అన్న ప్రశ్న కోచ్ మాటల్లో ఎక్కడా ప్రధానం కాలేదు.

ఫిలిప్స్‌ను ఆ ఏడాదే వృత్తి ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లోని జట్టు సెయింట్ లూయిస్ ర్యామ్స్ ఆరో ఎంపికగా తీసుకుంది. ఆ తర్వాత ఒకదాని వెంట ఒకటిగా దాడి కేసులు, సుదీర్ఘ జైలు శిక్ష. 2016 జనవరిలో కాలిఫోర్నియా జైల్లో చనిపోయాడు. నెబ్రాస్కాలో మరోలా జరిగి ఉంటే ఈ చివర మారేదా అంటే ఎవరూ చెప్పలేరు. ఫుట్‌బాల్ అతన్ని కాపాడుతుందన్న వాదన మాత్రం నిలబడలేదు.

దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత ఓక్లహోమా యూనివర్సిటీలో అదే తంతు మరో రూపంలో చూశాం. 2014 జులైలో నార్మన్ పట్టణంలో ఆ జట్టు రన్నింగ్ బ్యాక్ జో మిక్సన్ ఒక యువతి ముఖం మీద గుద్దాడు. ఆమె ముఖంలో ఎముకలు విరిగాయి. కోచ్ బాబ్ స్టూప్స్ ఆ వీడియో అప్పుడే చూశారు. ఒక సీజన్ సస్పెన్షన్, స్కాలర్‌షిప్ యథాతథం. 2016 డిసెంబరులో వీడియో జనంలోకి వచ్చింది. అప్పుడు స్టూప్స్, ఈ రోజు ఇలాంటిది జరిగితే జట్టు నుంచి తీసేయడమే దారి అన్నారు. రెండున్నరేళ్లలో వీడియోలో ఏమీ మారలేదు. చూసినవాళ్ల సంఖ్య మారింది, అంతే. తప్పు తీవ్రతను బట్టి కాక, బయటపడిన మేరకు శిక్ష పడుతుందన్న పాఠం ఆటగాళ్లకు ఇంతకంటే బాగా ఎవరు నేర్పగలరు?

పాలిచ్చే ఆవు తన్నినా పడాల్సిందే అంటారు మనవాళ్లు. ఈ జట్లలో పాలు పితుక్కునేది ఒకరు, తన్నులు తినేది మరొకరు.

కోచ్‌కు వదిలేసిన ఈ అధికారం ముదిరితే ఏమవుతుందో టెక్సస్‌లోని వేకోలో, బేలర్ యూనివర్సిటీలో చూశాం. ఎన్నో ఏళ్లు అట్టడుగున పడి ఉన్న జట్టును ఆర్ట్ బ్రైల్స్ పైకి తెచ్చారు. 2013, 2014లో కాన్ఫరెన్స్ టైటిళ్లు, బ్రాజోస్ నది ఒడ్డున కొత్త స్టేడియం. 2016 మేలో యూనివర్సిటీ నియమించిన న్యాయసంస్థ లైంగిక దాడుల ఫిర్యాదుల మీద తేల్చిన విషయాలు బయటికొచ్చాయి. ఫుట్‌బాల్ సిబ్బంది తమకంటూ లోపల ఒక క్రమశిక్షణ ఏర్పాటు నడుపుకున్నారు. ఫిర్యాదులు యూనివర్సిటీ విచారణకూ, పోలీసు విచారణకూ వెళ్లకుండా పక్కదారి పట్టించారు. కొందరు ఆటగాళ్లను ఫలానా అని చెప్పని ‘జట్టు నియమాల ఉల్లంఘన’ పేరుతో తీసేసి, వేరే కాలేజీలో చేరడానికి సాయం కూడా చేశారు. ఫుట్‌బాల్ నియమాలకు అతీతం అన్న అభిప్రాయం దీనితో బలపడిందని ఆ పరిశీలనలే చెప్పాయి. బ్రైల్స్ ఉద్యోగం పోయింది. యూనివర్సిటీ అధ్యక్షుడు కెన్ స్టార్, ఒకప్పుడు బిల్ క్లింటన్ మీద విచారణ జరిపిన ఆ కెన్ స్టారే, పదవి కోల్పోయారు.

‘జట్టు నియమాల ఉల్లంఘన’ అన్న ఆ మూడు మాటల్ని అమెరికా క్రీడా పేజీల్లో వారానికోసారైనా చూడవచ్చు. ఏ నియమం, ఎవరు రాశారు, ఎంత శిక్ష అని అడిగితే జట్టు లోపలి విషయం అంటారు. బాధితులకు అందులో చోటుండదు. తర్వాత అతన్ని చేర్చుకునే కాలేజీకి కూడా ఏమీ తెలియదు.

కాలేజీ క్రీడలను నియంత్రించే ఎన్‌సీఏఏ ఏం చేసిందంటే, అయిదేళ్లు సాగదీసి 2021 ఆగస్టులో, బేలర్‌లో లైంగిక దాడుల విషయంలో జరిగిన వైఫల్యాలు తమ నియమావళి పరిధిలోకి రావని తేల్చింది. వైఫల్యం యూనివర్సిటీ మొత్తానిదట, ఆటగాళ్లకు ప్రత్యేకంగా దక్కిన లాభం కాదట. వేరే ఉల్లంఘనలకు నాలుగేళ్ల ప్రొబేషన్, 5,000 డాలర్ల జరిమానా విధించి చేతులు దులుపుకుంది. ఇదే సంస్థ 2010 డిసెంబరులో ఒహాయో స్టేట్ ఆటగాళ్లు అయిదుగురికి తలా అయిదు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసింది. వాళ్ల నేరం, తమకొచ్చిన ఉంగరాలు, జెర్సీల వంటివి అమ్ముకోవడం, బదులుగా పచ్చబొట్లు పొడిపించుకోవడం. అందులోనూ మెలిక ఉంది. కొద్ది రోజుల్లో జరగాల్సిన షుగర్ బౌల్ ఆడుకోవచ్చు, సస్పెన్షన్ వచ్చే సీజన్ నుంచి అన్నారు. పెద్ద మ్యాచ్ టీవీలో వస్తుంది మరి.

ఇదంతా ఎవరో అమెరికా కోచ్‌ల గొడవ అనుకోనక్కరలేదు. ఆ యూనివర్సిటీల్లోనే వేల సంఖ్యలో తెలుగు విద్యార్థులు చదువుతున్నారు. అసైన్‌మెంట్‌లో కాపీ కొట్టారన్న ఆరోపణ వస్తే వాళ్లు నిలబడేది విద్యార్థుల ప్రవర్తనా విభాగం ముందు. రాతపూర్వక నియమం, నోటీసు, విచారణ, అప్పీలు అన్నీ ఉంటాయి. సస్పెండయితే చదువుతో పాటు వీసా హోదా కూడా పోతుంది. ప్రొఫెసరుకు ఆ విద్యార్థి పరిశోధన ఎంత అవసరమో ఎవరూ అడగరు. అదే ప్రాంగణంలో ఆటగాడి మ్యాచ్‌లకు సంబంధించిన శిక్షను, అతని ఆట మీద తన జీతం ఆధారపడిన మనిషి తేలుస్తాడు. స్కాలర్‌షిప్ లేకుండా బెంచీ చివర కూర్చునే వాక్-ఆన్ ఆటగాడు అదే తప్పు చేస్తే ఏ పత్రికా రాయదు, ఆ సాయంత్రానికే అతని లాకర్ ఖాళీ అవుతుంది.

కోచ్‌కే కుర్రాళ్ల గురించి బాగా తెలుసు, బయటివాళ్లకు ఏం తెలుసు అన్న వాదన ఒకటుంది. ప్రాక్టీసుకు ఆలస్యంగా రావడం, కోచ్‌తో ఎదురు మాట్లాడటం వంటివాటిలో నేను ఒప్పుకుంటాను. అవి ఆయనకే వదిలేయాలి. మరో మనిషి ఒంటి మీద చెయ్యి పడిన చోట మాత్రం ఆయనకున్న ఆ పరిచయమే ఆయన అనర్హతకు కారణం. అటువంటి తప్పులకు ఇన్ని మ్యాచ్‌లు అని సీజన్ మొదలయ్యే ముందే రాసి బయటపెట్టాలి. అమలు చేసేది క్రీడా విభాగంతో సంబంధం లేని అధికారి కావాలి. ప్రత్యర్థి బలహీన జట్టయితే ఆ మ్యాచ్‌ను శిక్షలో లెక్కపెట్టకూడదని కూడా నేనంటాను, నవ్వినా ఫరవాలేదు.

ఇందులో కష్టమేమీ లేదు. అయినా ఇష్టపడేవాళ్లు తక్కువ. 2015లో ఫ్లోరిడా, అలబామా వంటి జట్లున్న ఎస్ఈసీ కాన్ఫరెన్స్, తీవ్రమైన దుష్ప్రవర్తన కారణంగా మరో కాలేజీ తీసేసిన ఆటగాళ్లను తన సభ్య కాలేజీలు చేర్చుకోకూడదని నియమం పెట్టింది. అది మంచి అడుగే, కాకపోతే తలుపు దగ్గర కాపలా మాత్రమే. ఇంట్లోవాళ్ల సంగతి మళ్లీ కోచ్‌దే. 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకోవచ్చు, కాలేజీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కరలేదు. 2025-26 నుంచి కాలేజీలే తమ ఆటగాళ్లకు ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. ఆటగాళ్లకు ఇది ఎప్పుడో దక్కాల్సిన న్యాయం. కానీ ఒక క్వార్టర్‌బ్యాక్ మీద లక్షల డాలర్లు పెట్టిన కోచ్, అతన్ని శనివారం కూర్చోబెడితే సీజన్ అయ్యాక మరో కాలేజీకి వెళ్లిపోతాడని తెలిసిన కోచ్, రేపు సోమవారం ఉదయం ఒక ఫిర్యాదు బల్ల మీదికొస్తే ఏం చేస్తాడు? ఆస్బోర్న్ రోజుల్లో కనీసం ఆ బెదురు లేదు.