అర్హత: నది తెలియకపోవడం

మొన్న జనవరిలో ప్రాణహిత ఒడ్డున మహారాష్ట్ర వైపున్న మా సిరొంచకు ఒక బస్సొచ్చింది. ఇరవై నలుగురు పట్నం పిల్లలు, అంతే సంఖ్యలో నారింజ రంగు లైఫ్ జాకెట్లు, వెనక లారీలో పన్నెండు కెనూలు. అహేరి వైపు నుంచి మా ఘాట్ దాకా ప్రాణహిత మీద నాలుగు రోజులు తెడ్డేసుకుంటూ వచ్చి, నదినీ అడవినీ అనుభవం ద్వారా నేర్చుకుంటారని బ్యానరు మీద రాసుంది. కెనూ అంటే ఏమిటని ఊళ్లో చాలామంది అడిగారు. మన దోనే. కాకపోతే దానికి బిల్లుంటుంది.

మా బడి పిల్లల్ని ఇద్దరు ముగ్గుర్ని కూడా ఎక్కించుకోండని ఎవరో అడిగితే, వచ్చినాయన చాలా మర్యాదగా, "వీళ్లకు నది ముందే తెలుసు కదండీ" అన్నాడట. నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఈత వచ్చినవాడికి ఈత నేర్పిస్తే సర్టిఫికెట్‌లో ఏం రాస్తాం? ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, సంతలో గోండుల మాడియా భాష మాట్లాడుతూ ఇప్పటికే తల బరువెక్కిన పిల్లలకు మళ్లీ నది కూడానా?

అందుకే పడవ నడిపే కుటుంబంలో తొమ్మిదో తరగతి చదివే ఒక కుర్రాణ్ణి మాత్రం తీసుకెళ్లారు. విద్యార్థిగా కాదు, సహాయకుడిగా. నీళ్ల రంగు చూసి లోతెక్కడో, ఇసుక ఎక్కడ పైకొచ్చిందో చెప్పేస్తాడు. ఈ విద్యను వర్క్‌షీట్‌లో పెట్టడం కుదరలేదు. వర్క్‌షీట్‌లో ఉన్నది "ప్రాణహిత ఏయే నదుల కలయిక?" అన్న ప్రశ్న. వార్ధా, వైన్‌గంగ అని అందరూ సరిగ్గానే రాశారు. గోదావరి ఉపనదుల్లో ఇదే పెద్దదని, మొత్తం పరీవాహక ప్రాంతంలో మూడో వంతు దీనిదేనని కూడా రాశారు. రాయనిదేమిటంటే, పుట్టింటి నుంచి అన్ని నీళ్లు మోసుకొచ్చి, 113 కిలోమీటర్లు నడిచి, కాళేశ్వరం దగ్గర ఈ తల్లి ఇంటిపేరు మార్చుకుంటుంది. తర్వాత వచ్చే వరద గొప్పంతా అత్తింటి ఖాతాలోకే పోతుంది.

అసలు కష్టమంతా రెండో రోజున వచ్చింది. ఆ రోజు కార్యక్రమం పేరు "నిర్జన ప్రాంతంలో మౌనం". మనిషన్నవాడు కనపడని చోట అరగంట కళ్లు మూసుకుని కూర్చోవాలి. పాపం, చోటు దొరకలేదు. మొదటి ఇసుకతిన్నె మీద పుచ్చపాదులకు గుంతలు తీస్తున్నారు. రెండోచోట వల ఆరేసి ఉంది, దాని పక్కనే వల మనిషి. మూడోచోట అంతా సర్దుకుని కళ్లు మూసుకోగానే, మిరపకాయ ఏరడానికి అవతలి గట్టు నుంచి దాటుతున్న ఆడకూలీలు దోనె ఆపి, "ఏ ఊరు బిడ్డా మీది? తిన్నరా?" అని అడిగారు. మౌనం పోయింది గానీ, సద్దిలోంచి రొట్టెలు వచ్చాయి. మనుషులు లేని అడవి కావాలంటే ముందు మనుషుల్ని లేపేయాలన్న సంగతి నిర్వాహకులకు ఎవరూ చెప్పినట్టు లేరు. ఎడమ గట్టు మహారాష్ట్ర, కుడి గట్టు తెలంగాణ. మధ్యలో ఉన్నదంతా చుట్టరికమే.

మూడో రోజు కెనూలు ఇసుకలో కూరుకుపోయాయి. పిల్లలు మోకాళ్ల లోతు నీళ్లలో దిగి తోశారు. నిజం చెప్పాలంటే, నాలుగు రోజుల్లో వాళ్లు గట్టిగా నవ్విన పూట అదొక్కటే. దీన్ని లోపంగా ఎవరూ రాసుకోనక్కర్లేదు. ఈ నదిలో ఇరుక్కోవడానికి పెద్ద పెద్ద పూర్వీకులున్నారు. 1860లలో తెల్లదొరలు ఇటువైపు పత్తిని పడవల్లో సముద్రానికి దింపాలని దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర రాళ్ల అడ్డంకులతో కుస్తీ పట్టి, పట్టి, 1871లో చేతులెత్తేశారు. వాళ్లకు లైఫ్ జాకెట్లు కూడా లేవు. మనవాళ్లు దిగువన గోదావరి మీద 85 గేట్లతో మేడిగడ్డ బ్యారేజీ కట్టారు. 2019లో ప్రారంభించారు, 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగాయి. నది దగ్గర చదువుకోవడానికి వచ్చినవాళ్లలో ఈ పిల్లలే తక్కువ ఖర్చుతో బయటపడ్డారని నా లెక్క.

నాలుగో రోజు సాయంత్రం మా ఘాట్‌లో సర్టిఫికెట్లు పంచారు. ఇరవై నాలుగు. కుర్రాడికి ఒక టోపీ ఇచ్చారు, బాగుంది. ఒక పిల్ల మాత్రం తన సర్టిఫికెట్ వెనక వాడి చేత నీళ్ల రంగులు, వాటి లోతులు వరుసగా రాయించుకుంది. వాడు మరాఠీలో రాశాడు, ఆ పిల్ల పక్కన తెలుగులో రాసుకుంది.

సోమవారం వాడు బడికెళితే నాలుగు రోజుల గైర్హాజరు. నాన్న సంతకంతో చీటీ తెమ్మన్నారు. కారణం అన్న చోట ఆయన "నది" అని రాసిచ్చాడు. అది కారణం కాదని చీటీ తిరిగొచ్చింది. ఈసారి "జ్వరం" అని రాశాడు. తీసుకున్నారు.