కరోనా ఏడాది రాబడి: ఫండ్‌కు ఎంత, మనకెంత?

2020-21 ఆర్థిక సంవత్సరంలో పెద్ద కంపెనీల షేర్ల సూచీ నిఫ్టీ సుమారు 71 శాతం పెరిగింది. మహమ్మారి వచ్చినా మ్యూచువల్ ఫండ్లకు ఏమీ కాలేదని వాదించేవాళ్లు ఈ అంకెనే చూపిస్తారు. అంకె నిజమే, లెక్క మొదలుపెట్టిన చోటే పేచీ. 2020 మార్చి ఆఖరుకు మార్కెట్ పాతాళంలో ఉంది. ఆ జనవరి గరిష్ఠం నుంచి లెక్కేస్తే పెరిగింది దాదాపు 19 శాతమే.

మార్చి 23న మరో షేర్ల సూచీ సెన్సెక్స్ ఒక్కరోజే 3,934 పాయింట్లు పడింది. జనవరితో పోలిస్తే నిఫ్టీ 38 శాతం కిందికి పోయింది. అంత పడ్డాక మళ్లీ పాత చోటికి చేరాలంటే 62 శాతం పెరగాలి. నవంబరుకల్లా పెరిగింది కూడా. మధ్యలో సిప్, అంటే నెలనెలా ఫండ్‌లో కట్టే వాయిదా, ఆపనివాళ్లకు పంట పండింది. ఎన్ఏవీ, అంటే ఫండ్‌లో ఒక వాటా (యూనిట్) ధర, 50 రూపాయలున్నప్పుడు రెండు వేలకు 40 యూనిట్లొస్తాయి. అదే 32కు పడితే 62 దాకా వస్తాయి.

కానీ ఆపకుండా కట్టగలిగిందెవరు? ప్రొద్దుటూరునే తీసుకోండి. లాక్‌డౌన్‌లో బంగారు అంగళ్లు మూతపడ్డాయి. నగలు చేసే ఆచారికి పని లేదు, అంగట్లో గుమాస్తాకు జీతం లేదు, మగ్గం మీది చీర కొనే దిక్కు లేదు. చీటీ పాట ఆగింది, కట్టాల్సిన వడ్డీలు మాత్రం ఆగలేదు. వీళ్లలో సిప్ ఆపినవాళ్లనీ, నష్టానికి యూనిట్లు అమ్ముకున్నవాళ్లనీ టీవీ నిపుణులు 'భయపడ్డారు' అన్నారు. భయం కాదండీ, బియ్యం ఖర్చు. గవర్నమెంటు టీచరుకు ఆ రెండు నెలలు సగం జీతం వాయిదా పడినా బండి నడిచింది. ఒకే ఫండ్, ఒకే ఏడాది. టీచరుకు లాభం, గుమాస్తాకు నష్టం. దేశం మొత్తం మీద చూసినా నెలవారీ సిప్ సొమ్ము మార్చిలో 8,641 కోట్లుంటే జూలైకి 7,831 కోట్లకు తగ్గింది.

రిస్క్ వద్దనుకుని, షేర్లలో కాక బాండ్లలో (కంపెనీలకు, ప్రభుత్వానికి ఇచ్చే అప్పు పత్రాలు) డబ్బు పెట్టే డెట్ ఫండ్లలో పెట్టినవాళ్ల టెన్షన్ ఇంకో రకం. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే ఫండ్ కంపెనీ ఆరు డెట్ పథకాలను మూసేసింది. వాటిలో ఉన్నది పాతిక వేల కోట్లకు పైనే. తక్కువ రేటింగ్ బాండ్లకు, అంటే తిరిగొస్తాయన్న భరోసా తక్కువున్న అప్పు పత్రాలకు, కొనేవాళ్లు లేకపోవడమే కారణం. నాలుగు రోజులకే రిజర్వ్ బ్యాంకు ఫండ్ల కోసం 50 వేల కోట్ల నగదు సదుపాయం ప్రకటించింది. మూసిన పథకాల డబ్బు 2021 ఫిబ్రవరి నుంచి విడతలుగా తిరిగొచ్చింది. ఆసుపత్రి బిల్లు మాత్రం అప్పటిదాకా ఆగదు కదా!

2020 ఆగస్టులో పది గ్రాముల బంగారం 56 వేల దాకా పోయింది. బ్యాంకులు బంగారం విలువలో 75 శాతానికి బదులు 90 శాతం వరకు అప్పివ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు వెసులుబాటిచ్చింది. గాజులు కుదువ పెట్టి ఇల్లు గడుపుకున్నవాళ్లు యూనిట్ల జోలికి పోకుండా నిలబడ్డారు. కాబట్టి ఏ ఫండ్ మంచిదని అడగకముందే, పని ఆగిపోతే ఇల్లు ఎన్ని నెలలు గడుస్తుందో చూసుకోవాలి. ఆ మాట అడిగే ఏజెంటు మాత్రం మన కడప జిల్లాలో అరుదే. కమీషన్ సిప్ మీద వస్తుంది గానీ సేవింగ్స్ ఖాతాలో పడున్న డబ్బు మీద రాదు మరి.