ఇంటర్నల్ క్లాక్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఇంటర్నల్ క్లాక్ గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ రికార్డింగులో టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప అందరం క్షేమం. ఆ చప్పుడు గురించే ఈ ఉత్తరం.

డిజిటల్ ఆడియో పెట్టెల లోపల లయ కొట్టే గడియారం తమరు. కరెంటిస్తే చాలు, ఎవరూ అడక్కుండానే గద్దెనెక్కేస్తారు. పాటని కంప్యూటర్‌లోకి చేర్చే ఆడియో ఇంటర్‌ఫేస్‌లో తమరే. దానికి డిజిటల్ వైరుతో తగిలించిన, మైకుల శబ్దాన్ని పెంచే ఎనిమిది ఛానళ్ల ప్రీయాంప్‌లోనూ తమరే. రెండు చోట్లా 48,000 అనే అంకె, అంటే సెకనుకి ఎన్ని శాంపిళ్లు (శబ్దపు కొలతలు) అన్న లెక్క, వెలుగుతుంటుంది, చూసేవాళ్లకి అంతా కుదిరినట్టే. కానీ తమరి లోపల ఉన్నది క్వార్ట్జ్ స్ఫటికం. ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో కొట్టుకోవు. పదిలక్షల్లో ఇరవై వంతులు తేడా వచ్చినా సెకనుకి దాదాపు ఒక శాంపిల్ ఎక్కువో తక్కువో అవుతుంది. మిగిలినదాన్ని పారేయాలి, చాలకపోతే ఉన్నదాన్నే మళ్లీ వాయించాలి. అదే టిక్కు. డప్పు దరువులో అది కలిసిపోతుంది. తంబూర శ్రుతి రికార్డు చేసినప్పుడు మాత్రం తమరి ప్రతాపం బయటపడుతుంది.

నింద పడేది కేబుల్ మీద. వెలుతురు మాత్రమే నడిచే ఆప్టికల్ వైరుకి బంగారు పూత కొనలున్నది వెతికి కొన్నవాళ్లని కూడా ఎరుగుదును.

పాపం, ఆ వైరు తన పని తాను చేస్తూనే ఉంది. డిజిటల్ శబ్దాన్ని పంపే పద్ధతుల్లో ఎస్పీడిఫ్ అయినా, అలెసిస్ వారి ఏడాట్ అయినా పాటతోపాటు అవతలి పెట్టె గడియారాన్నీ మోసుకొస్తాయి. తమరు కాస్త పక్కకి జరిగి మెనూలో ఎక్స్‌టర్నల్‌కి, అంటే బయటి గడియారానికి, చోటిస్తే, ఇంటర్‌ఫేస్ ఆ లయనే పట్టుకుని నడుస్తుంది. పెద్ద స్టూడియోల్లో వర్డ్ క్లాక్ అని గడియారపు లయని మాత్రమే మోసే ఒక బీఎన్‌సీ కేబుల్ విడిగా లాగి అన్నిటినీ ఒకే తాళానికి కట్టేస్తారు. మేం కొనే పెట్టెల్లో చాలావాటికి ఆ సాకెట్టే ఉండదు. కొన్ని చవక ప్రీయాంపులకైతే డిజిటల్ అవుట్‌పుట్ ఒక్కటే, ఇన్‌పుట్ లేదు. ఎవరి మాటా వినే ఏర్పాటు లేదు కాబట్టి పెద్దరికం దానికే ఇవ్వాలి. మా ఇళ్లలో ఇది కొత్తేమీ కాదులెండి. అలాంటివి రెండు ఒకేసారి దాపురిస్తే మాత్రం ఒకదాన్ని, ఒక లయలోని శాంపిళ్లని ఇంకో లయకి మార్చే శాంపిల్ రేట్ కన్వర్టర్ గుండా తేవాలి, లేదా బుద్ధిగా అనలాగ్ కేబుల్ వేసుకోవాలి.

టెన్షన్ పడి ఇటూ అటూ వైర్లు వేసి రెండు పెట్టెల్నీ ఎక్స్‌టర్నల్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు. అప్పుడవి "తమరు ముందంటే తమరు ముందు" అనుకుంటూ నిలబడిపోతాయి. లయ కుదిరితే నిలకడగా వెలగాల్సిన లాక్ దీపం కొట్టుకుంటూనే ఉంటుంది.

తమరిని పూర్తిగా దిగిపొమ్మనడం లేదు. ఎన్ని పెట్టెలున్నా ఒక్కదాంట్లోనే ఏలండి. ఎక్కడ ఏలుతున్నారో మూడు మెనూల లోపల దాచకుండా ముందు ప్యానెల్ మీదే చెప్పండి.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: పాత సీడీ ప్లేయర్‌ని కూడా ఇదే వరసలో తగిలిద్దామనుకుంటున్నాను. అది 44,100 తప్ప మరో అంకె ఎరగదు, డిజిటల్ ఇన్‌పుట్ కూడా లేదు. అందులోనూ ఉన్నది తమరే కనుక, తమరే మాట్లాడి ఒప్పించగలరు.