పెట్టలపై ప్రతాపం

బర్డ్ ఫ్లూ అన్న మాట పత్రికల్లో కనబడితే చాలు, మన నగరాల్లో మొట్టమొదట అనుమానపు చూపు పడేది పెరట్లో నాలుగు పెట్టలు పెంచుకునే ఇంటిమీద. పక్కింటివారు ఫిర్యాదు చేస్తారు, అపార్టుమెంటు సంఘం తీర్మానం చేస్తుంది, రోడ్డు మీద గుంత పూడ్చమని ఏడాదిపాటు మొరపెట్టుకున్నా చలించని పురపాలక యంత్రాంగానికి ఎక్కడలేని చురుకుదనం వస్తుంది. గూడు తీసేయాలనీ, లేకుంటే కోళ్లను పట్టుకుపోతామనీ హెచ్చరిక వెలువడుతుంది. ఏ నిబంధన ప్రకారమని అడిగితే ‘న్యూసెన్స్’ అన్న ఒక్క మాట తప్ప జవాబు ఉండదు. ఈ చురుకుదనం ఎదుటి మనిషి స్థాయిని బట్టి మేల్కొంటుందన్నదే మా అభ్యంతరం.

పెరటి కోళ్లు వద్దనేవారి మాటలో నిజం లేకపోలేదు. పుంజు కూత తెల్లవారుజామున నిద్ర చెడగొడుతుంది, రెట్ట ఎత్తకపోతే ఈగలు ముసురుతాయి, చల్లిన నూకలకు ఎలుకలు చేరతాయి. రోగభయమూ ఉత్తదేమీ కాదు. అమెరికాలో ఇంటి కోళ్ల ద్వారా సోకిన సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాతో ఒక్క 2020లోనే 1,700 మందికి పైగా జబ్బుపడ్డారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్కగట్టింది. మన పల్నాడు జిల్లాలో రెండేళ్ల చిన్నారి 2025 మార్చిలో బర్డ్ ఫ్లూతో ప్రాణాలు కోల్పోయింది. పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని కుటుంబసభ్యులు వైద్యాధికారులకు చెప్పారు. అంతకు ముందు నెలలో తణుకు మండలం వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ వ్యాధి బయటపడింది పెద్ద ఫారాల్లో. చచ్చిన కోళ్లను గుట్టుచప్పుడు కాకుండా కాలువల్లో, రోడ్ల పక్కన పారబోసిన దృశ్యాలను గోదావరి జిల్లాల ప్రజలు అప్పట్లో కళ్లారా చూశారు. ఆ పని చేసింది పెరట్లో నాలుగు కోళ్లున్న ఇల్లాలు కాదు.

ఇక నగరం సంగతి. ఏ కాలనీలోనైనా ఆదివారం ఉదయం కోడిమాంసం దుకాణం ముందు ఐదు నిమిషాలు నిలబడితే చాలు. ఇనుప జాలీ పెట్టెల్లో ఒకదానిమీద ఒకటి కుక్కిన బ్రాయిలర్లు, గొంతు కోసి విసిరిన కోడి కొట్టుకుంటుంటే దడదడలాడే ప్లాస్టిక్ డ్రమ్ము, ఈకలు పేగులు నిండిన సంచి, దాని చుట్టూ కాచుకున్న వీధికుక్కలు, నేల కడిగిన నెత్తుటి నీళ్లు నేరుగా వాన కాలువలోకి. ఆ దుకాణం మీదుగానే పారిశుద్ధ్య అధికారి రోజూ బండి మీద వెళ్తారు. అక్కడ కనబడని అనారోగ్యం ఆయనకు రెండు వీధుల అవతల, ఊక పరిచిన చెక్క గూట్లో, గుడ్డు పెట్టడానికి ఒదిగి కూర్చున్న గ్రామప్రియ అనే పెరటి రకం పెట్టలో కనబడుతుంది! రాత్రయితే ఈ దుకాణాల వ్యర్థాలు డ్రమ్ములకెక్కి కొల్లేరు చుట్టుపక్కల చేపల చెరువులకు చేరి, నిషేధిత ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కు మేతగా మారుతున్న వైనం ఎన్నో ఏళ్లుగా అందరికీ తెలిసినదే. అడపాదడపా ఒక వాహనం పట్టుబడుతుంది, కేసు నమోదవుతుంది, మర్నాటి నుంచి మళ్లీ మామూలే.

సంక్రాంతి వస్తే ఈ ద్వంద్వనీతి మరీ బాహాటమవుతుంది. జంతుహింస నిరోధక చట్టం 1960 నుంచి ఉంది, ఆంధ్రప్రదేశ్‌లో జూద నిరోధక చట్టం 1974 నుంచి ఉంది, కోడిపందేలను అరికట్టాలని ఉమ్మడి హైకోర్టు 2016 డిసెంబరులో ఆదేశించింది. అయినా ఏటా మూడు రోజులపాటు ఫ్లడ్‌లైట్ల వెలుగులో, తెరల మీద ప్రత్యక్ష ప్రసారాలతో బరులు నడుస్తాయి. వాటిని ప్రారంభించేది ప్రజాప్రతినిధులే, వాహనాలు నిలిపే స్థలం చూపించేది పోలీసులే. కత్తి కట్టిన పుంజు సంప్రదాయమవుతుంది, గుడ్డు పెట్టే పెట్ట మాత్రం న్యూసెన్స్ అవుతుంది. లక్ష కోళ్ల లోపు ఫారాలకు కాలుష్య చట్టాల కింద అనుమతే అక్కర్లేదన్న కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పాత మార్గదర్శకాలను పునఃపరిశీలించమని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2020లో చెప్పేదాకా ఏ ప్రభుత్వానికీ పట్టలేదు. లక్ష కోళ్ల కంపును భరించిన వ్యవస్థ నాలుగు కోళ్ల రెట్టకు ముక్కు మూసుకుంటున్నది.

ఇందులో ఇంకో వింత ఉంది. పెరట్లో తిరుగుతూ, వంటింటి వ్యర్థాలూ పురుగులూ ఏరుకు తింటూ, దాణా ఖర్చు పెద్దగా లేకుండానే ఏడాదికి 150కి పైగా గుడ్లు పెట్టే గ్రామప్రియనూ, మాంసానికీ గుడ్లకూ పనికొచ్చే వనరాజానూ రూపొందించింది హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థే. పెరటి కోళ్ల పెంపకాన్ని ప్రోత్సహించడానికి పశుసంవర్ధక శాఖ పల్లెల్లో మహిళలకు ఈ కోడిపిల్లలను పంచుతుంది. అదే కోడిపిల్లను కొని నగరానికి తెచ్చుకున్న మనిషి మాత్రం నేరస్థుడవుతాడు. (నాటు గుడ్డని చెప్పి గోధుమరంగు ఫారం గుడ్డును రెట్టింపు ధరకు అంటగట్టే వ్యాపారికి ఆ బెడద కూడా లేదు.)

నగరంలో కోళ్లు ఉంటే నగరం పల్లెటూరైపోతుందని బెంగపడేవారికి ఒక మాట. న్యూయార్క్‌లో పెట్టలు పెంచుకోవచ్చు, పుంజులు కూడదు. సియాటిల్‌లో ఇంటికి మూడు కోళ్లుగా ఉన్న పరిమితిని 2010లో ఎనిమిదికి పెంచి, పుంజులను నిషేధించారు. మనవాళ్లు వేలల్లో స్థిరపడిన ఉత్తర కరోలినాలోని రాలీలో ‘టూర్ డి కూప్’ పేరిట ఇళ్లవారు తమ గూళ్లను ఊరందరికీ తెరిచి చూపిస్తూ వచ్చారు, టికెట్ల డబ్బు సేవా కార్యక్రమాలకు వెళ్లేది. పక్కింటి గూడు లోపలికి వెళ్లి చూసినవాడికి అది శుభ్రంగా ఉన్నదో లేదో తెలుస్తుంది. ఫిర్యాదు చేసేవాడైనా చూసి చేస్తాడు. మన కాలనీల్లో ఒకరి గూటిని ఒకరు చూసే సందర్భమే లేదు. గోడ మీదుగా వచ్చే కూతను బట్టే తీర్పు.

పురపాలక శాఖ చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. ఇంటికి ఎన్ని పెట్టలు, పక్కింటి గోడకు గూడు ఎంత దూరం, కోళ్లకు సోకే కొక్కెర తెగులుకు టీకా వేయించారా లేదా, రెట్టను ఎరువుగా మార్చే ఏర్పాటేమిటి, బర్డ్ ఫ్లూ బయటపడితే ఎవరికి చెప్పాలి అన్న అయిదారు అంశాలతో స్పష్టమైన నిబంధన రాసి అందరికీ అందుబాటులో ఉంచాలి. పుంజులు వద్దంటే వద్దనండి, మేమూ ఒప్పుకుంటాం. ఏడాదికొకసారి వార్డులవారీగా గూళ్ల సందర్శన పెట్టి, పశువైద్యుడిని వెంట పంపితే మరీ మంచిది. నిబంధన రాయకుండా, ఫిర్యాదుదారు పలుకుబడిని బట్టి ఒక ఇంటికి నోటీసు ఇచ్చి, ఇంకో ఇంటిని వదిలేస్తే రేపు ఇదే పద్ధతి మిద్దె తోటకూ, వీధి మూల పశువుల నీటి తొట్టికీ వర్తిస్తుంది. ఆ దారి తెరవడానికి అధికారులకు ఎవరు హక్కిచ్చారు? గూడు తొలగించమని నోటీసు రాసే అధికారి ముందుగా అదే వీధిలోని కోడిమాంసం దుకాణానికి లైసెన్సు ఉన్నదో లేదో, దాని నెత్తుటి నీళ్లు ఏ కాలువలో కలుస్తున్నాయో ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టాలి. అది రాయలేని చేతికి ఆ నోటీసు రాసే అర్హత లేదు.