ఆ పళ్లు ఎవరి కోసమో తెలుసా?

నిన్న మా గ్రూపులో ఎవరో ఒక చీమ ముఖాన్ని బాగా పెద్దది చేసి ఫొటో పెట్టారు. దవడల నిండా మేకుల్లాంటి పళ్లు. కింద "రాకాసి చీమ, కుడితే మనిషి గంటలో పోతాడు" అని రాత. ఇక వరసగా భయపడే బొమ్మలు. ఒళ్లు మండింది నాకు. అందుకే ఇంత పోస్టు.

దాని పేరు థౌమాటోమిర్మెక్స్. గ్రీకు మాటల్లో అర్థం "అద్భుతమైన చీమ". 1887లో గుస్తావ్ మాయర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త పెట్టాడు. నల్లగా నిగనిగలాడుతుంది, పొడవు కొన్ని మిల్లీమీటర్లే. మెక్సికో నుంచి బ్రెజిల్ దాకా అడవుల్లో ఉంటుంది, క్యూబాలోనూ ఉంది. ఆసియాలో, ఆఫ్రికాలో అసలు లేదు.

ఇక ఆ పళ్లు. దవడ సన్నగా కొడవలిలా వంగి ఉంటుంది, దానికి పొడవాటి ముళ్లు. నోరు మూస్తే కొసన ఉన్న పళ్లు ముఖం పక్కల నుంచి తల వెనక అంచు కూడా దాటిపోతాయి. మన పళ్లు చెవులు దాటి పెరిగాయనుకోండి, అలాగ. వాటితో నరకడం, కోయడం కుదిరే పనేనా?

ఆ పళ్లు ఒక పురుగును పట్టడానికి. బోలెడు కాళ్లుండే రోకలిబండ పురుగుల్లో పాలిక్సెనిడ్‌లని ఒక బుల్లి రకం ఉంది. గట్టి పెంకు ఉండదు, ఒళ్లంతా బిరుసు వెంట్రుకలే. మామూలు చీమ నోరు పెట్టిందా, అవి ఊడొచ్చి మూతికీ మీసాలకీ చిక్కుకుంటాయి. విదిలించుకునే కొద్దీ బిగుస్తాయి. మన చీమ మాత్రం ఆ ముళ్లను వెంట్రుకల మధ్యకు దూర్చి ఒంటినే పట్టుకుంటుంది. గూటికి మోసుకెళ్లి, ముంగాళ్లకున్న కుచ్చులతో వెంట్రుకలన్నీ ఊడ్చి పీకేస్తుంది. బోడిగా చేశాక, తల వైపు నుంచి తినడం మొదలెడుతుంది.

ఈ సంగతి 1991లో గానీ బయటికి రాలేదు. బ్రెజిల్ శాస్త్రవేత్తలు దాన్ని బతికుండగా గమనించి రాశారు. పేరు పెట్టిన 104 ఏళ్లకు! అప్పటిదాకా సూదికి గుచ్చిన చీమల్ని చూసి, ఈ పళ్లతో ఏం తింటుందబ్బా అనుకోవడమే.

ఈ చీమను "అరుదైనది" అంటారు, ఆ మాట మీద కూడా నాకు పేచీ ఉంది. గూట్లో ఉండేవే కొద్దిమంది. బారులు తీరవు, రాలిన ఆకుల కింద ఒంటరిగా తిరుగుతాయి. థౌమాటోమిర్మెక్స్‌లోనే కొన్ని జాతుల్లో రాణి కూడా కనిపించదు, పనిచీమే జతకట్టి గుడ్లు పెట్టేస్తుంది. అలాంటిది మన కంట్లో పడకపోతే తప్పు దానిదా?

కుట్టడమంటారా, కొండి ఉంది, కాదనను. కానీ శివుడాజ్ఞ వచ్చినా చాలదు. ఇది కుట్టాలంటే ముందు మనిషి ఆ అడవికి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, బస్తాల కొద్దీ ఆకులు జల్లెడ పట్టాలి. తీరా ఒక్కటి దొరికితే గంటలో పోవడం మాట అటుంచండి, ఆనందంతో గంతులేస్తాడు.